ఎస్‌యూ కార్బురేటర్: తిరగబెట్టే పెట్రోల్ లీకు

మోరిస్ మైనర్ (1948–71), ఎంజీబీ (1962–80) వంటి పాత బ్రిటిష్ కార్లలో ఎస్‌యూ కార్బురేటర్ లీకు ప్యాకింగ్ మారిస్తే కొన్నాళ్లు ఆగుతుంది, తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఇలా తిరగబెట్టే లీకుకు మూలం చాలాసార్లు తడి కనిపించిన చోట ఉండదు, ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మట్టం అదుపు తప్పడంలో ఉంటుంది. చాంబర్ నిండేకొద్దీ ఫ్లోట్ పైకి తేలి, నీడిల్ వాల్వ్‌ను సీటుకు అదిమి పెట్రోల్ దారి మూయాలి. సీటు మీద ఇసుక రేణువంత తుప్పు చిక్కినా, సూది మొన మీద గాడి పడినా, ఇత్తడి ఫ్లోట్‌కు చిల్లిపడి లోపలికి పెట్రోల్ దిగినా ఆ దారి పూర్తిగా మూసుకోదు. అప్పుడు మట్టం పెరిగి, ఎక్కువైన పెట్రోల్ ఓవర్‌ఫ్లో గొట్టం గుండా బయటపడుతుంది. చదరపు అంగుళానికి సుమారు 3 పౌండ్ల ఒత్తిడికి సరిపడే ఈ వాల్వ్, అంతకు రెట్టింపు ఒత్తిడితో తోసే కొత్త పంపు ముందు నిలవలేదు. వాల్వ్ మూసుకుంటోందో లేదో పంపు చప్పుడు చెబుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు కాసేపు టిక్కుటిక్కుమని ఆగిపోవాలి. ఆగకపోతే పెట్రోల్ ఎక్కడో పోతోంది, లేదా పంపు ట్యాంకు వైపు నుంచి గాలి పీలుస్తోంది.

తప్పంతా ఇథనాల్ కలిపిన పెట్రోల్‌దేనని, రబ్బర్లన్నీ మారిస్తే చాలని కొందరంటారు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుందన్న మాట నిజమే. అయితే అది ట్యాంకులో పేరుకున్న మడ్డిని కూడా కదిలిస్తుంది, ఆ మడ్డి చేరేది నీడిల్ సీటుకే. అందుకే రబ్బర్లు కొత్తవైనా లీకు తిరిగి వస్తుంది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. పాత హెచ్ రకం కార్బురేటర్‌లో జెట్ చుట్టూ బెండు ప్యాకింగులుంటాయి. కారు నెలల తరబడి కదలకపోతే అవి ఎండి కుంచించుకుపోతాయి, చుక్కలు జెట్ అడుగు నుంచి పడతాయి. అక్కడ మట్టం తప్పు లేదు, ప్యాకింగులే మార్చాలి. కాబట్టి అంతా తుడిచి ఆరబెట్టి, మొదటి చుక్క ఎక్కడ పుడుతోందో చూశాకే విప్పాలి. ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి వస్తుంటే ట్యాంకును, ఫిల్టర్‌ను శుభ్రం చేసి, నీడిల్‌ను సీటుతో సహా మార్చి, మట్టం సరిచేయాలి. ఇత్తడి ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచితే చిల్లి ఉన్నచోట బుడగలు వస్తాయి. మూత స్క్రూలను బలంగా బిగిస్తే ఆగుతుందనుకోవడం పొరపాటు, అలా బిగిస్తే మూత వంకరపోతుంది.

ఈ రెండు కార్లలోనూ కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజిన్‌కు ఒకే పక్కన ఉంటాయి. అంబాసిడర్‌లో ఏళ్లపాటు వాడిన 1489 సీసీ ఇంజిన్‌దీ అదే అమరిక. కారిన పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకోవచ్చు. అందుకే పెట్రోల్ కారుతున్న బండిని, ఎంత దగ్గరికైనా సరే, నడపకండి.