స్టెరాయిడ్ జనిత కుషింగ్ సిండ్రోమ్

స్టెరాయిడ్ జనిత కుషింగ్ సిండ్రోమ్ అనేది గ్లూకోకార్టికాయిడ్ స్టెరాయిడ్ మందులను ఎక్కువ మోతాదులో, దీర్ఘకాలం వాడినప్పుడు శరీరాకృతిలోనూ జీవక్రియల్లోనూ కలిగే మార్పుల సముదాయం. కీళ్లవాతం, లూపస్, నెఫ్రోటిక్ సిండ్రోమ్, తీవ్రమైన ఉబ్బసం వంటి వ్యాధుల చికిత్సలో ఇది కనిపిస్తుంది.

చరిత్ర: శరీరంలోనే కార్టిసాల్ హార్మోన్ అధికమైనప్పుడు వచ్చే లక్షణాలను అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1912లో వర్ణించాడు. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాత రోగికి తొలిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చింది. హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, టాడ్యూష్ రైక్‌స్టైన్‌లకు ఈ రంగంలో కృషికి 1950లో నోబెల్ బహుమతి లభించింది. అయితే కార్టిసోన్ దీర్ఘకాల వాడకంతో దుష్ఫలితాలు త్వరలోనే బయటపడ్డాయి.

లక్షణాలు: కొవ్వు ముఖం, మెడ వెనుక భాగం, పొట్ట వద్ద చేరుతుంది; ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. కండరాల ప్రొటీన్ క్షీణించి తొడలు, భుజాలు బలహీనపడతాయి. చర్మం పలచబడి సులభంగా కమిలిపోతుంది. పొట్టపై ఊదారంగు చారలు ఏర్పడతాయి. మొటిమలు, అవాంఛిత రోమాలు, అధిక రక్తపోటు, మధుమేహం, శుక్లాలు, ఎముకల గుల్లతనం రావచ్చు. పిల్లల్లో ఎదుగుదల మందగిస్తుంది.

నివారణ: వ్యాధిని అదుపులో ఉంచే కనీస మోతాదు వాడకం ప్రధాన సూత్రం. మందు 3 వారాలకు మించి వాడితే అడ్రినల్ గ్రంథుల సొంత కార్టిసాల్ ఉత్పత్తి అణగిపోవచ్చు. హఠాత్తుగా మానితే ప్రాణాపాయం కలగవచ్చు. అందువల్ల వైద్య పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గిస్తారు. ముఖపు ఉబ్బు సాధారణంగా నెలల్లో తగ్గుతుంది. చర్మపు చారలు రంగు వెలిసినా పూర్తిగా మాయం కావు.