పంచదారకు తెలుపు ఎట్లు వచ్చినది

కోస్తా జిల్లాలలో పంచదార అంటారు. రాయలసీమలో, తెలంగాణలో చక్కెర అంటారు. చక్కెర అన్న మాట సంస్కృతంలోని శర్కర నుండి వచ్చినది. శర్కర అంటే గులక, ఇసుక. చెరకు రసాన్ని పలుకు కట్టించుట తెలిసిన తరువాతనే ఆ పేరు దీనికి దక్కి ఉండాలి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అని ఐదు రకాలు కనబడుతున్నవి. ఈ విద్య నేర్చుకొని రమ్మని చైనా చక్రవర్తి తైజుంగ్ 647లో మగధకు మనుషులను పంపినాడు.

తెల్ల పంచదార ఒక పదార్థమనీ, గోధుమ రంగుది మరొకటనీ చాలమంది తలుస్తారు. పలుకుకు స్వతహాగా రంగు లేదు. దానిని అంటిపెట్టుకొని ఉండే మడ్డిదే ఆ రంగు అంతా. బెల్లంలో ఈ రెండింటినీ విడదీయరు. పంచదారలో విడదీస్తారు. ఆ విడదీయుటలోనే ఇన్ని శతాబ్దాల శ్రమ ఉన్నది.

ఉత్తర హిందూస్థానంలో ఖండసారివారు ఇందుకు చక్కని ఉపాయం పన్నినారు. పలుకు కట్టిన పాకాన్ని వడియబెట్టి, పైన తడి నాచు పరచేవారు. నాచులోని తేమ మెల్లగా దిగుతూ మడ్డిని కడిగివేసేది. పై పొర తెల్లబడగానే గీకి తీసి, మళ్లీ కొత్త నాచు పరచేవారు. ఐరోపావారు, వారి వెస్టిండీస్ తోటలవారు కోసుగా ఉండే మట్టి మూసలలో పాకం పోసి, పైన తడి బంకమన్ను కప్పేవారు. నాచైనా మన్నైనా చేసిన పని ఒక్కటే. రెంటికీ వారాలకు వారాలు పట్టేది.

అసలు చిక్కు పొయ్యి దగ్గర ఉన్నది. రసం ఎక్కువ వేడిలో ఎక్కువసేపు మరిగితే మాడుతుంది; పలుకు కావలసిన చక్కెరలో కొంత విరిగి మడ్డిలో కలుస్తుంది. తెరచిన పాత్రలో ఈ నష్టం తప్పదు. 1813లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ చార్లెస్ హోవార్డ్ మూసిన పాత్రలోని గాలిని తోడివేసి, తక్కువ వేడికే పాకం మరిగేటట్లు చేసినాడు. పలుకు మేలైనది, రంగు తగ్గినది. కాని ఖర్చు ఎక్కువ. తోటల యజమానులకు బానిసలు ఉండగా యంత్రాలకు తొందర ఏమున్నది?

అమెరికాలోని లూసియానాలో ఒకదాని పక్కన ఒకటిగా పెద్ద పాత్రలు పొయ్యిపై పెట్టి, కాగే రసాన్ని పెద్ద గరిటెలతో ఒకదానిలోనుండి మరొకదానిలోకి బానిసల చేత తోడించేవారు. ఒళ్లు కాలుట వారికి నిత్యకృత్యం. అక్కడనే, న్యూ ఆర్లియన్స్‌లో, 1806లో నార్బర్ట్ రిలియూ పుట్టినాడు. తండ్రి తెల్లవాడు, తల్లి బానిసత్వం లేని నల్లజాతి సంతతి స్త్రీ. పారిస్‌లో ఇంజనీరింగు చదివి, స్వదేశం తిరిగివచ్చి, 1843లో తన యంత్రానికి పేటెంటు పొందినాడు. మొదటి పాత్రలో రసం మరుగగా లేచిన ఆవిరిని వృథా పోనీయక, దానితోనే రెండవ పాత్రను కాచుట అతని యుక్తి. రెండవదానిలో గాలి ఒత్తిడి ఇంకా తక్కువ గనుక, ఆ వేడికే అది మరుగుతుంది. కట్టెలు మిగిలినవి, పంచదార మేలైనది, గరిటెతో తోడే పని తప్పినది. యంత్రం కొన్న తోటలవారు మాత్రం ఆ యంత్రాన్ని నడుపుటకు బానిసలనే పెట్టుకొన్నారు. యంత్రకర్తకు సైతం ఆ దేశపు చట్టాలు తెల్లవారితో సమానమైన హక్కులు ఇవ్వలేదు. అతడు చివరకు పారిస్ వెళ్లిపోయి, కొంతకాలం ఈజిప్టు చిత్రలిపి చదువుతూ గడిపి, 1894లో అక్కడనే మరణించినాడు.

ఇంగ్లీషువారు తమ వలసలలో 1834లో బానిసత్వం రద్దు చేసిన తరువాత చెరకు తోటలకు ఒప్పందపు కూలీలను తరలించినారు. మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లినవారిలో తెలుగువారు అనేకులు.

నాచు, మన్ను చేసిన పనిని తరువాత గిరగిర తిరిగే జల్లెడ పాత్రలు నిమిషాలలో చేసినవి. మిగిలిన రంగును విదేశాల శుద్ధి కర్మాగారాలవారు ఎముకల బొగ్గు గుండా వడగట్టి తీసేవారు. స్వదేశీ ఉద్యమం నాడు విదేశీ పంచదారను మన ఆచారపరులు ముట్టకపోవుటకు ఇది ఒక కారణం. మన మిల్లులలో ఎముకల బొగ్గు మాట లేదు. రసానికి సున్నం కలిపి, గంధకపు పొగ పట్టించి, మురికి పేరుకొనగా తేటను తీసుకొనే పద్ధతి వ్యాపించినది. 1932లో రక్షణ సుంకపు చట్టం వచ్చిన కొద్ది సంవత్సరాలలోనే దేశంలో మిల్లులు 30 ప్రాంతం నుండి 130 దాటినవి. ఏటికొప్పాకలో 1933లో సహకార కర్మాగారం, బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆ కాలంలో వెలసినవే. బోధన్ మిల్లు 2015లో మూతపడినది.

ఇక గోధుమ రంగు పంచదార సంగతి. కొంత మడ్డిని పలుకులపై ఉంచివేసినది ఒక రకం. పూర్తిగా తెల్లబరచిన పలుకులకు తిరిగి మడ్డి పూసినది మరొక రకం. కడిగినదానినే మళ్లీ పూసి, ఎక్కువ ధరకు అమ్ముట నాకు వింతగా తోస్తుంది. రెండింటిలోను తొంబై పాళ్లకు పైగా ఉన్నది ఆ తెల్ల పంచదారే.

ఏ చెరకు మిల్లులోనికి వెళ్లినా, నిలువెత్తు పాత్రలు నాలుగైదు వరుసగా నిలిచి ఉండుట చూడవచ్చును. బయటి ఆవిరి మొదటిదానికే ఇస్తారు. తక్కినవన్నీ ముందరి పాత్ర వదలిన ఆవిరితో మరుగుతుంటవి.