దొప్పెడు పేజ్: బస్తర్ సంతలో పూటకూడు

కాకతీయుల నాటి ఓరుగల్లులో పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవని ‘క్రీడాభిరామం’ వలన తెలుస్తున్నది. చేతిలో ఒక్క రూక ఉన్న బాటసారికి అక్కడ పరిమళించే అన్నం, గోధుమపిండి వంటకం, పెసరపప్పు, అరటిపండ్లు, నెయ్యి, గడ్డపెరుగుతో తృప్తిగా భోజనం దొరికేది. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి ఈ కావ్యాన్ని ఆధారం చేసుకొని ఆనాటి జనుల తిండితీరులను వివరించారు. వండిన అన్నం అంగడి సరకు కావాలంటే నాణెం చలామణిలో ఉండాలి, బాటలు ఉండాలి, ఊరుకాని ఊరు వచ్చేవారు ఉండాలి. ఓరుగల్లులో ఈ మూడూ ఉన్నవి.

1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమరాజు గోదావరి దాటి బస్తర్ అడవులకు చేరి రాజ్యం స్థాపించాడని 1703 నాటి దంతేవాడ శాసనం చెబుతున్నది. తెలుగుకు ఆ నేల అప్పటికే కొత్త కాదు. ఇంద్రావతి సమీపంలోని బార్సూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనమే దొరికింది. రాజవంశం వెంట దేవత కథ వచ్చింది, బిరుదులు వచ్చినవి. పూటకూళ్ళ ఇల్లు మాత్రం అడవి పల్లెలకు రాలేదు. అక్కడ దాని అవసరమే లేదు. బస్తర్ మనిషి బాట పట్టేటప్పుడు తన కూడును తానే భుజానికి తగిలించుకొని బయలుదేరేవాడు.

ఆ కూడు పేజ్. దానిని మోసే పాత్ర తుంబా, అంటే ఎండబెట్టి లోపలి గుజ్జు తీసివేసిన సొరకాయ బుర్ర. రాగులను అక్కడ మండియా అంటారు. రాగిపిండిని రాత్రి నీళ్ళలో నానబెడితే తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. మరునాడు కుండలో ఎసరు పెట్టి, గుప్పెడు నూకలు వేసి, అవి మెత్తబడగానే పులిసిన పిండి పోసి కలుపుతారు. చల్లారిన తరువాత త్రాగుతారు. తెలుగు పాఠకుడు దీనిని వెంటనే గుర్తుపడతాడు. ఇది మన అంబలికి తోబుట్టువు. జావ అనే మాట గోండులకూ తెలిసినదే. బుర్రలో పోసిన పేజ్ నడివేసవిలోనూ చల్లగా ఉంటుంది. ఆకలినీ దాహాన్నీ ఒక్కసారే తీర్చే ఆహారం ఎండలో పది పన్నెండు మైళ్ళు నడిచేవానికి ఎంత ఊరటో వేరుగా చెప్పనక్కరలేదు.

మరి అటువంటి చోట వండిన కూడు అమ్మకానికి ఎలా వచ్చింది? సమాధానం కోసం సంతకు వెళ్ళాలి. బస్తర్‌లో దుకాణాల వీధి కన్న వారపు సంతే ముఖ్యం. లోహండీగూడ, తోకాపాల్, దర్భా వంటి చోట్ల ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క రోజు. చింతచెట్ల నీడన, మామిడి తోపులలో స్త్రీలు వరుసగా కుండలు పెట్టుకొని కూర్చుంటారు. ఒక కుండలో మండియా పేజ్, ఒక కుండలో బియ్యంతో చేసిన లాందా అనే పులిసిన పానీయం, పక్కన ఇప్పసారా, ఋతువును బట్టి జీలుగు కల్లు. దానిని అక్కడివారు సల్ఫీ అంటారు. నంజుకు ఆకుపొట్లంలో చాప్‌డా పచ్చడి. చెట్ల ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలను, వాటి గుడ్లను ఉప్పు, మిరపకాయలతో నూరి దీనిని చేస్తారు. దాని పులుపు చీమలోని ఆమ్లం వలన వచ్చినది. చింతపండు అవసరం ఉండదు. గరిటె సొరబుర్రదే, పాత్ర ఆకు దొప్పే. తెలుగు మన్యంలో విస్తళ్ళు కుట్టే అడ్డాకూ, సాల వృక్షపు ఆకూ ఇందుకు పనికివస్తాయి. బల్ల లేదు, పలక లేదు, పేరు రాసిన బోర్డు లేదు. త్రాగేవారు ఆమె ఎదుట నేలమీదనే గొంతుకు కూర్చుంటారు. ‘హోటలు’ అనే మాటను కొంచెం సడలించి వాడితే, బస్తర్‌లోని తొలి హోటలు ఇదే.

అడవిలో అన్నీ దొరికే మనిషిని సంతకు నడిపించినది ప్రధానంగా ఉప్పు. అది అడవిలో పుట్టదు. తూర్పు తీరపు ఉప్పుకొఠార్ల నుండి బంజారాలు ఎద్దులమీద కనుమలు దాటించి దానిని లోపలి సీమలకు చేర్చేవారు. అంత దూరం నుండి వచ్చిన ఉప్పుకు సంతలో వర్తకుడు చెప్పినదే ధర. సారపప్పు ఎంత తూగితే అంత ఉప్పు ఇచ్చే మారకం చాలకాలం సాగిన విషయం ప్రసిద్ధమే. పట్టణంలో మిఠాయిల మీద చల్లే పప్పుకు ఉప్పుతో సరితూకం! దొప్పలో పచ్చడి రుచిని మెచ్చుకొనేవారు, అందులోని ఉప్పుకు ఒకప్పుడు ఎంత వెల పడిందో తెలుసుకోవటం న్యాయం.

రాగులకూ ఒక కష్టకాలం వచ్చింది. 1905లో వలస ప్రభుత్వం అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలనీ, పోడునూ వేటనూ అటవీ ఫలసేకరణనూ ఆపాలనీ తలపెట్టింది. రాగి, సామ, అరికె వంటి చిరుధాన్యాలకు పోడు చేలే పుట్టిల్లు. అంతకుముందే 1899-1900లో ఒక కరవు, ఆ తరువాత 1907-08లో మరొక కరవు. 1910లో భూంకాల్ తిరుగుబాటు చెలరేగింది. గుండాధూర్ పేరు నేటికీ ఆ ప్రాంతంలో గౌరవంగా వినిపిస్తుంది. ఊరినుండి ఊరికి తిరిగిన సందేశంలో అక్షరాలు లేవు. మామిడి కొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఉన్నవి. తిరుగుబాటుదారులు సంతలను దోచి ధాన్యం పంచిపెట్టారు. దీనిని కేవలం దోపిడిగా రాసుకున్న అధికారులు, ఖాళీ కుండ సంగతి ఎంతవరకు ఆలోచించారో సందేహమే. తిరుగుబాటు అణచివేతకు గురైనా, రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణాన్ని ప్రభుత్వం సుమారు సగానికి తగ్గించవలసి వచ్చింది.

బల్ల, పలక, గాజుగ్లాసు ఉన్న హోటలు తరువాతి కాలపు సంగతి. బైలడిలా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయటానికి 1960 దశకంలో కొత్తవలస-కిరందుల్ రైలుమార్గం వేశారు. 1968లో గనిలో ఉత్పత్తి మొదలయింది. విశాఖ తీరంనుండి అరకు మీదుగా పనివారు, చిన్న వ్యాపారులు, వారితో ఇడ్లీ దోసెలు కిరందుల్, బచేలీ, జగదల్‌పూర్‌లకు చేరినవి. దక్షిణాన కోంటా, భోపాల్‌పట్నం వైపు శబరి, ఇంద్రావతి, గోదావరి తీరాలలో తెలుగు ఎలాగూ వినబడేదే. దోర్లల భాషలో అది బాగా కలిసిపోయింది. అక్కడ అంబలి, పేజ్ ఒకే పూట పక్కపక్కన దొరికినా ఎవరికీ వింత కాదు.

2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత చౌక బియ్యం, ఉచితపు ఉప్పు రేషను దుకాణాలకు వచ్చినవి. ఉప్పు కోసం సారపప్పు ధారపోసిన సీమలో ఇది సామాన్యమైన మార్పు కాదు. కాని తెల్లబియ్యం చేరిన కొద్దీ ఇంటి కుండలో రాగి పలచబడింది. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది; పాలిషు బియ్యంలో దానిలో పదోవంతు కూడా ఉండదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం చిరుధాన్యాల మిషను చేపట్టి అరికెలకు, సామలకు క్వింటాలుకు 3,000 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. చీమల పచ్చడికీ పేరు వచ్చింది. 2024 జనవరిలో ఒడిశాలోని మయూర్‌భంజ్ పచ్చడికి భౌగోళిక గుర్తింపు లభించింది. పేజ్‌కు ఇటువంటి ప్రసిద్ధి లేదు. విదేశీ పర్యాటకుడు చీమల ముందు ఆగి ఛాయాచిత్రం తీసుకుంటాడు, గంజికుండను దాటి వెళతాడు. పేజ్ విషయంలో వింత ఏమీ లేదు కాబట్టి కావచ్చు.

సంతలో కుండ ముందు కూర్చునేవారు మాత్రం ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ళవారే. అడవి సరకు అమ్ముకున్న ముసలివారు, కోడిపందెం చూసి వచ్చిన యువకులు, పిల్లను చంకనెత్తుకున్న తల్లులు. మొదటి దొప్ప నిలబడే త్రాగేస్తారు, రెండోది కూర్చుని. కొందరి భుజాన ఇంకా తుంబా కనిపిస్తుంది. చాలామంది చేతిలో దాని స్థానంలోకి నీళ్ళ ప్లాస్టిక్ సీసా వచ్చింది. దాని మూత తీసి దారిలోకి పేజ్ పోయించుకుంటారు. సన్నని మూతిలోకి ఒలకకుండా పోయటానికి అమ్మే ఆమె ఒక ఆకును గరాటులా చుట్టి పెడుతుంది.