జంట మందుల ఇన్‌హేలర్

శ్వాసనాళాల లోపలి వాపును తగ్గించే స్టెరాయిడ్‌నూ, బిగుసుకున్న నాళాలను పన్నెండు గంటలో, అంతకు మించో తెరిచి ఉంచే మందునూ కలిపి ఒకేసారి పీల్చుకోవడానికి చేసిన సాధనం జంట మందుల ఇన్‌హేలర్. దీన్ని ఉబ్బసానికీ, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకూ రాస్తారు. ఫ్లూటికాసోన్‌తో సాల్మెటెరాల్, బుడెసొనైడ్‌తో ఫార్మోటెరాల్ బాగా వాడుకలో ఉన్న జంటలు. సీఓపీడీ కోసం స్టెరాయిడ్ లేకుండా నాళాలను తెరిచే రెండు మందులు కలిపినవి, మూడూ కలిపినవి కూడా ఉన్నాయి.

రెండు మందులనూ ఒకే డబ్బాలో పెట్టడం సౌకర్యం కోసమే అనుకుంటారు చాలామంది. ఉబ్బసం విషయంలో అది ప్రాణరక్షణ. అమెరికాలో 1996లో మొదలైన ‘స్మార్ట్’ పరిశోధనలో 26 వేల మందికి పైగా ఉబ్బస రోగులు పాల్గొన్నారు. వాళ్ళు అప్పటికే వాడుతున్న మందులకు తోడుగా కొందరికి సాల్మెటెరాల్, మిగతావారికి మందు లేని ఇన్‌హేలర్ ఇచ్చారు. సాల్మెటెరాల్ వర్గంలో 13 మంది, రెండో వర్గంలో ముగ్గురు ఉబ్బసంతో చనిపోయారు. 2003లో పరిశోధన ఆపేశారు. పాల్గొన్నవారిలో సగానికి పైగా పీల్చే స్టెరాయిడ్ వాడనివారే. నాళం తెరుచుకుని ఊపిరి తేలికగా ఆడుతుంటే, లోపల వాపు ముదురుతున్నా రోగికి తెలియదు. తర్వాత సుమారు 41 వేల మందితో జరిగిన నాలుగు పెద్ద పరిశోధనల్లో, స్టెరాయిడ్‌తో కలిపి వాడితే ఆ ముప్పు చెప్పుకోదగినంతగా పెరగడం లేదని తేలింది. దాంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జంట ఇన్‌హేలర్లపై ఉన్న తీవ్ర హెచ్చరికను 2017లో తొలగించింది. అందుకే ఉబ్బసం ఉన్నవారు స్టెరాయిడ్ అంటే భయపడి దాన్ని మానేసి, నాళం తెరిచే మందును మాత్రం ఉంచుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

సీఓపీడీలో లెక్క తిరగబడుతుంది. ఏళ్ళ తరబడి పొగతాగినవారిలోనూ, కట్టెల పొయ్యి పొగలో వండిపెట్టిన ఆడవాళ్ళలోనూ కనిపించే ఈ జబ్బులో నాళాలు తెరిచే మందును విడిగా వాడవచ్చు. ఆలోచించి ఇవ్వాల్సింది స్టెరాయిడ్‌నే. ఆరు వేల మందికి పైగా రోగులను మూడేళ్ళు గమనించి 2007లో ప్రచురించిన ‘టార్చ్’ పరిశోధనలో ఫ్లూటికాసోన్ తీసుకున్నవారికి న్యుమోనియా ఎక్కువగా వచ్చింది. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు మైక్రోలీటరుకు 300, ఆపైన ఉండి, జబ్బు పదేపదే తిరగబెట్టేవారికి స్టెరాయిడ్ మేలు ఎక్కువ. 100 లోపు ఉన్నవారికి అంతంతమాత్రం. రెండు జబ్బులూ కలిసి ఉంటే మాత్రం స్టెరాయిడ్ తప్పనిసరి. కాబట్టి ఇంట్లో తాతగారికి సీఓపీడీ కోసం రాసిన ఇన్‌హేలర్‌ను ఉబ్బసం ఉన్న మనవడికి ఆయాసం వచ్చినప్పుడు ఇవ్వడం తగదు.

ఏ జంట చేతిలో ఉందన్నదీ ముఖ్యమే. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది. అందుకే డాక్టరు అలా రాసిస్తే, బుడెసొనైడ్–ఫార్మోటెరాల్‌ను రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడూ వాడుకోవచ్చు. ఒక్కో పఫ్‌లో 6 మైక్రోగ్రాముల ఫార్మోటెరాల్ ఉండే రకంలో పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 12 పఫ్‌లు గరిష్ఠ పరిమితి. దాని దరిదాపులకు వెళ్ళాల్సి వస్తోందంటే జబ్బు అదుపు తప్పినట్టే. సాల్మెటెరాల్ ఉన్న జంట నెమ్మదిగా పనిచేస్తుంది. ఉదయం, సాయంత్రం తప్ప అదనంగా వాడకూడదు. వాడితే గుండెదడ, చేతుల వణుకు రావచ్చు, రక్తంలో పొటాషియం పడిపోవచ్చు.

మందు ఊపిరితిత్తుల్లోకి చేరడం పీల్చే తీరును బట్టి ఉంటుంది. గ్యాస్ డబ్బా రకాన్ని బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. పొడి మందును వేగంగా, బలంగా పీల్చాలి; పరికరంలోకి ఊదితే పొడి తడిసిపోతుంది. రెండింటిలోనూ ఊపిరిని పది సెకన్లు, లేదా వీలైనంతసేపు బిగబట్టాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివారికి ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టం చాలా మేలు చేస్తుంది. రోటాహేలర్ అనే పొడి మందు పరికరంలో వేసే క్యాప్సూల్‌ను మింగితే ఊపిరితిత్తులకు ఉపయోగం లేదు. మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు.

కంటి డాక్టరుకు కూడా ఇన్‌హేలర్ సంగతి చెప్పాలి. గ్లాకోమాకు వేసే టిమొలాల్ చుక్కలు ఉబ్బస రోగికి తీవ్రమైన ఆయాసం తెప్పించగలవు. ఫంగస్ జబ్బులకు ఇచ్చే ఇట్రాకొనజోల్, హెచ్‌ఐవీ చికిత్సలోని రిటొనావిర్ పీల్చిన స్టెరాయిడ్‌ను శరీరంలో పేరుకునేలా చేస్తాయి. గర్భిణులు భయపడి ఇన్‌హేలర్ మానకూడదు; అదుపు తప్పిన ఉబ్బసమే బిడ్డకు ఎక్కువ హాని. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదం తీసుకునేవారూ రోజువారీ మందు ఆపకూడదు. ఆ ప్రసాదం ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్యపరంగా రుజువు కాలేదు.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మందు పీల్చినా తెరిపి లేకపోవడం, మగతగా ఉండటం వంటివి కనిపిస్తే ఇంట్లో ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా రోగిని నిటారుగా కూర్చోబెట్టి, ఆయాసానికి రాసిచ్చిన మందును స్పేసర్ ద్వారా ఇస్తూ ఉండాలి. వాడుతున్న ఇన్‌హేలర్లన్నీ ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళాలి.