గోధుమ మానిన బిడ్డలు

1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ, బిడ్డలను కృశింపజేయు సీలియాక్ వ్యాధిని వర్ణించుచు, దానికి చికిత్స ఆహారములోనే వెదకవలెనని సూచించెను. దోషి యేదో తేలుటకు అరువది యేండ్లు పట్టినది.

హాలెండు శిశువైద్యుడు విల్లెం డికే, గోధుమ మానిన రోగులు కోలుకొనుట 1930 దశకముననే గమనించెను. 1944-45 శీతకాలపు కరవులో రొట్టె దొరకక తక్కిన బిడ్డలు చిక్కిపోవుచుండగా, ఈ రోగులు కుదుటపడిరి. రొట్టె తిరిగి రాగానే వ్యాధియు తిరిగివచ్చెను. 1950లో ఆయన తన పరిశీలనలను సిద్ధాంత వ్యాసముగా సమర్పించెను.

గోధుమలోని గ్లూటెన్ అను మాంసకృత్తు లోనికి పోగానే, ఈ రోగుల దేహరక్షణ శక్తి వారి చిన్నప్రేవుల లోపొరనే దెబ్బతీయును, తిన్నది వంటబట్టదు. గ్లూటెన్ మానినచో పొర క్రమముగా బాగుపడి, బరువు పెరుగును.

సన్నబడుటకై గోధుమ మానువారు ఒకటి గుర్తుంచుకొనవలెను: ఈ పథ్యము చిక్కిన బిడ్డల బరువు పెంచుటకే పుట్టినది.