కాకసస్ చుట్టరికాలు: చెవిని నమ్మాలా, సూత్రాన్ని నమ్మాలా?

జార్జియన్, మింగ్రేలియన్, లాజ్, స్వాన్ భాషలు ఒకే మూలం నుంచి చీలినవి. వీటిని కార్ట్‌వేలియన్ కుటుంబమంటారు. జార్జియన్‌కు 5వ శతాబ్దపు శాసనాలున్నాయి. తక్కినవి శతాబ్దాల పాటు నోటిమీదే బతికాయి. మూలభాషలో ఒక్క అక్షరమూ మిగల్లేదు కాబట్టి, ఆనాటి ఇంట్లో ఎవరు ఎవరిని ఏమనేవారో ఈనాటి మాటల్నే అడగాలి. ఇక్కడ నా వాదన ఒకటే: వినగానే ఒకేలా తోచే మాటల్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. జార్జియన్‌లో తండ్రి ‘మమ’, తల్లి ‘దెద’. మింగ్రేలియన్‌లో ‘ముమ’, ‘దిద’. స్వాన్‌లో ‘ము’, ‘ది’. ఇంతకంటే రుజువేం కావాలనిపిస్తుంది. కానీ పసివాళ్ల తొలి పలుకుల నుంచి ఇలాంటి మాటలు ఎక్కడైనా పుడతాయని భాషావేత్త రోమన్ యాకబ్సన్ ఏనాడో చూపించాడు. పైగా జార్జియన్ అకారానికి మింగ్రేలియన్‌లో సాధారణంగా ఒకారం, ఎకారానికి అకారం రావాలి. ఈ మాటలు ఆ లెక్కకు లొంగవు. వాటి వయసును వాటి పోలికే చెప్పలేదు.

సోదరుడి మాట అలా కాదు. జార్జియన్‌లో ‘ౙ్మ’, మింగ్రేలియన్‌లో ‘జిమ’, లాజ్‌లో ‘జుమ’. మొదటిదానిలోది మన ‘ౙడ’లోని జకారం, తక్కిన రెంటిలోది ‘జీతం’లోని జకారం. ఈ తేడాయే అసలు ఆధారం, ఎందుకంటే ఇది ఒక్క మాటకే పరిమితం కాదు. ‘పాత’ అనే అర్థంలో జార్జియన్ ‘ౙ్వేలి’కి మింగ్రేలియన్‌లో ‘జ్వేషి’, ‘కుక్క’ అనే అర్థంలో ‘ౙగ్లి’కి ‘జోగోరి’. ఇంట్లో పిలుపుకూ వాకిట్లో కుక్కకూ ఒకే సూత్రం వర్తించిందంటే అది యాదృచ్ఛికం కాదు. చిరకాలం జార్జియన్ నీడలో ఉన్న మింగ్రేలియన్లు ఈ మాటను అరువు తెచ్చుకుని ఉండరా అని అడగవచ్చు. చుట్టరికపు మాటలూ అరువుకొస్తాయి. లాజ్‌లో తండ్రిని ‘బాబా’ అనడం తుర్కీ ప్రభావమే. కానీ మింగ్రేలియన్‌లోనూ ‘ౙ’ పలుకు ఉంది. అరువు తెచ్చుకునుంటే మాట ‘ౙ’తోనే వచ్చేది, ‘జ’గా మారే అవసరమే లేదు.

మాట రూపం ఇలా దొరుకుతుంది. అర్థం దగ్గరే నాకు గట్టి అభ్యంతరం. మూలరూపానికి ‘సోదరుడు’ అని అర్థం రాసి ముందుకు పోవడం తేలిక. స్వాన్ దీనికి అడ్డు తగులుతుంది. అక్కడ సోదరి తన సోదరుణ్ణి ‘జమిల్’ అంటుంది. ఇందులో ఆ పాత ధాతువే ఉంది. మగవాడు తన సోదరుణ్ణి మాత్రం ‘ముఖ్వ్‌బె’ అంటాడు, దానికీ దీనికీ సంబంధం లేదు. మనకు వయసును బట్టి అన్న, తమ్ముడు వేరైతే, స్వాన్‌కు పిలిచేది ఆడా మగా అన్నదే ముఖ్యం. మూడు భాషల్లో లేని తేడాను స్వాన్ తర్వాత కల్పించుకుందనవచ్చు కదా? అలా చేతులెత్తించి లెక్కపెట్టడం పొరపాటు. మూలభాష నుంచి ముందుగా విడిపోయింది స్వాన్. మిగిలిన మూడూ ఆ తర్వాత కొంతకాలం కలిసే నడిచాయి, కాబట్టి వాటిది మూడు సాక్ష్యాలు కాదు, ఒక్కటే. ఒకటికి ఒకటి ఎదురైనప్పుడు, పాత ‘ౙ్మ’ మొదట సోదరి నోటి మాట కావడానికి ఎంత అవకాశముందో, అందరి మాట కావడానికీ అంతే ఉంది. ‘తోబుట్టువైన మగవాడు’ అన్నంతవరకే ఆధారం మనల్ని తీసుకెళ్తుంది. నిఘంటువులో ఆ మాట పక్కన అంతకు మించి రాయకూడదని నా అభిప్రాయం.