గురువు లేని ఏడు తరాలు

కొత్త సంవత్సరం వచ్చిందంటే నాగసాకిలో ఇంటింటివాళ్లూ ఒక పలకను కాలితో తొక్కాలి. పలక మీద శిలువపై యేసు, లేదంటే బిడ్డను ఎత్తుకున్న మరియమాత. అధికారి చూస్తుండగా ఒకరి తర్వాత ఒకరు తొక్కాలి. చంకలో బిడ్డ పాదమైనా సరే, మంచం పట్టిన ముసలివాళ్ల పాదమైనా సరే దానికి తగలాల్సిందే. తడబడితే క్రైస్తవుడని తేలిపోయినట్టే. ఈ పరీక్ష పేరు ఫుమి-ఎ. 1620ల చివర్లో మొదలై, 1850ల దాకా సాగింది. మొదట వాడిన బొమ్మలు అరిగి పాడవుతుంటే 1669లో ఇత్తడివి పోత పోయించారు. కాళ్ల కింద నలిగి ముఖాలు చెరిగిపోయిన ఆ పలకలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

పలక తొక్కి ఇంటికొచ్చి, తలుపులు బిగించుకుని, తొక్కినందుకు మన్నించమని దేవుణ్ణి వేడుకున్నవాళ్ల కథ ఇది. మన హరికథలన్నీ ప్రహ్లాదుడి పక్షమే. తండ్రి ఏనుగులతో తొక్కించినా మాట మార్చనివాడే భక్తుడు. మాట మార్చినట్టు నటించి, మనసులో మార్చుకోనివాణ్ణి ఏమనాలి?

జపాన్‌కు క్రైస్తవం వెళ్లింది మన గోవా దారినే. గోవా నుంచి బయల్దేరిన ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో కగోషిమాలో దిగాడు. నాగసాకి చుట్టుపక్కల ప్రభువులు, జాలర్లు, రైతులు వేల సంఖ్యలో జ్ఞానస్నానం పొందారు. పాలకులకు అనుమానం మొదలైంది: ఈ క్రైస్తవ గురువుల వెనక పోర్చుగల్, స్పెయిన్ సైన్యాలు రావన్న నమ్మకమేమిటి? ఆ అనుమానం ఉత్తిదేమీ కాదు. 1597లో నాగసాకి నిషిజాకా గుట్ట మీద 26 మందిని శిలువ వేశారు. వాళ్లలో ముంబయి దగ్గరి వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా ఒకడు. 1614లో క్రైస్తవంపై నిషేధం దేశమంతటికీ పాకింది. 1637లో షిమబారా రైతులు పన్నుల బాధకూ మతహింసకూ తిరగబడితే, మరుసటి ఏడాది హారా కోటలో వాళ్లను తుడిచిపెట్టారు. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయం జాబితాలో పేరు రాయించుకోవాల్సి వచ్చింది. దేశంలో మిగిలిన చివరి గురువు కొనిషి మాన్షోను 1644లో చంపేశారు.

కతోలిక పూజలో గురువు లేకపోతే మిగిలేది చాలా తక్కువ. దివ్యబలిపూజ లేదు, పాపసంకీర్తనం లేదు. మామూలు విశ్వాసి చేతుల మీదుగా జరిపించదగినది ఒక్క జ్ఞానస్నానమే. పల్లెలు ఆ ఒక్కదాన్నే ఆధారం చేసుకున్నాయి. ఊరికో పంచాంగకర్త: పండుగలు, ఉపవాస దినాలు లెక్కగట్టి చెప్పడం అతని పని. నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇచ్చేవాడు మరొకడు. కబురు ఇంటింటికీ చేరవేసేవాడు ఇంకొకడు. పుస్తకం దొరికితే తల పోతుంది కనుక ‘ఒరాషో’ అనే ప్రార్థనలు తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి దిగాయి. కొందరి ఇళ్లలో బౌద్ధుల కన్నోన్ దేవత బొమ్మే మరియమాతగా పూజలందుకుంది. 1603లో గురువులు అచ్చు వేయించి ఇచ్చిన ఒక చిన్న పుస్తకం చేతిరాతల్లో బతికింది. పాపసంకీర్తనం వినే గురువు దొరకనప్పుడు నిండు మనసుతో పశ్చాత్తాపపడితే క్షమాపణ దొరుకుతుందన్నది దాని సారం. పలక తొక్కిన రాత్రులు వాళ్లు చదువుకున్నది ఆ పశ్చాత్తాప ప్రార్థననే. బాస్టియన్ అనే ఉపదేశి చెప్పాడంటూ ఒక జోస్యం కూడా తరం నుంచి తరానికి వచ్చింది: ఏడు తరాల తర్వాత నల్లటి పెద్ద ఓడల్లో గురువులు తిరిగి వస్తారని.

ఓడలు నిజంగానే వచ్చాయి. జపాన్ రేవులు తెరిచాక, అక్కడుండే విదేశీయుల కోసం ఫ్రెంచి గురువులు నాగసాకిలో ఔరా చర్చి కట్టారు. జపనీయులకు మాత్రం నిషేధం అలాగే ఉంది. 1865 మార్చి 17న ఉరకామి పల్లె నుంచి పదిహేను మంది దాకా చర్చి చూడ్డానికన్నట్టు వచ్చారు. ఫాదర్ బెర్నార్ పెటిజాన్ మోకాళ్ల మీద ఉండగా ఒక స్త్రీ దగ్గరికొచ్చి, తమ మనసూ ఆయన మనసూ ఒకటేనని మెల్లగా చెప్పి, మరియమాత స్వరూపం ఎక్కడుందని అడిగింది. ఆ తర్వాత మాటల్లో తేలిన సంగతి నాకు ఇంకా ఆశ్చర్యం. ఇప్పుడు దుఃఖకాలం నడుస్తోంది, ఈ రోజు పదిహేడోది, మీరూ పాటిస్తారా అని వాళ్లు అడిగారు. ఆ ఏడు విభూది బుధవారం మార్చి 1న వచ్చింది. వాళ్లు దుఃఖకాలమన్న తపస్సుకాలం మొదలయ్యేది ఆ బుధవారంతోనే; అంటే మార్చి 17 అందులో సరిగ్గా పదిహేడో రోజు. గురువు ముఖం చూడకుండా 221 ఏళ్లు గడిపిన పల్లెటూరివాళ్ల లెక్క రోమ్ లెక్కతో ఒక్క రోజు కూడా తేడా రాలేదు.

బయటపడ్డందుకు వాళ్లు మూల్యం చెల్లించారు. చనిపోయినవాళ్లను బౌద్ధ పురోహితుడు లేకుండా తామే పాతిపెట్టడంతో 1867లో అరెస్టులు మొదలయ్యాయి. ఉరకామి నుంచి సుమారు 3,400 మందిని దూర ప్రాంతాలకు తరలించారు. వాటిలో ఒకటైన త్సువానోలో కొందరిని గడ్డకట్టిన చెరువులో ముంచారు. 600 మందికి పైగా తిరిగి రాలేదు. పాశ్చాత్య దేశాల ఒత్తిడికి ప్రభుత్వం 1873లో నిషేధపు బోర్డులు తీసేసింది. తిరిగొచ్చినవాళ్లు ఏటా తమ చేత పలక తొక్కించిన గ్రామపెద్ద ఇంటి స్థలాన్నే కొన్నారు. అక్కడే 1895లో పెద్ద చర్చి మొదలుపెట్టి 1914లో పూర్తి చేశారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు దానికి అర కిలోమీటరు దూరంలో పేలింది. ఆ చర్చికి చెందిన సుమారు 12,000 మందిలో 8,500 మంది దాకా చనిపోయారు.

సాధారణంగా ఈ కథను ఇక్కడ ఆపేస్తారు. కానీ నిషేధం పోయాక కూడా చర్చికి వెళ్లనివాళ్లు వేలల్లో ఉన్నారు. ఇకిత్సుకి దీవిలోవాళ్లు అలాంటివాళ్లే. తాతలు లోపలి గదిలో దాచి కొలిచిన పటాలను వదులుకోమంటే వాళ్లు ఒప్పుకోలేదు. పూర్వీకులు హతసాక్షులైన నకాయెనోషిమా దీవి నుంచి తెచ్చిన నీళ్లతోనే జ్ఞానస్నానం ఇచ్చుకున్నారు. అర్థం తెలియని లాటిన్, పోర్చుగీసు మాటలతోనే ఒరాషో పాడుకున్నారు. వాళ్ల పాటల్లో ఒకదాని మూలాన్ని సంగీత చరిత్రకారుడు మినగావా తాత్సువో స్పెయిన్‌లోని పదహారో శతాబ్దపు స్తోత్రంలో పట్టుకున్నాడు.

వీళ్లది అసలైన క్రైస్తవం కాదనీ, బౌద్ధం, షింటో కలిసిపోయిన మరేదో అనీ పండితులు కొందరు తేల్చారు. సిద్ధాంతం ప్రకారం అది నిజమే కావచ్చు. కానీ ప్రాణభయంలో దాన్ని మోసుకొచ్చిన తాత చేతి నుంచి అందుకున్నదాన్ని, అర్థమైనంత మేరకే ఉంచుకుని మిగతాది పారేయకపోవడం కూడా విశ్వాసమే. ఔరాకు నడిచి వెళ్లినవాళ్లనూ ఇకిత్సుకిలో ఉండిపోయినవాళ్లనూ వేర్వేరు తూకాల్లో తూచడం నాకు సబబనిపించదు.

2018లో యునెస్కో ఈ చరిత్రకు చెందిన 12 స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నకాయెనోషిమా కూడా వాటిలో ఉంది. ఇకిత్సుకిలో మాత్రం పిల్లలు ఉద్యోగాలకు ఊరు దాటిపోతున్నారు, ఒరాషో నేర్చుకునేవాళ్లు లేక బృందాలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. పూజకు మనిషి లేని ఇళ్ల పటాలు కొన్ని ఇప్పటికే ఆ దీవి మ్యూజియానికి చేరాయి.